బోర్డు వెనక పట్టా

అనంతగిరి ఘాట్‌లో ఒక మలుపు. ఎడమవైపు సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. ఒక చెట్టు కాండానికి మనిషి తల ఎత్తులో నాలుగు మేకులతో బిగించిన రేకు ముక్క. దాని మీద ఎర్ర రంగుతో, చేత్తో రాసిన అక్షరాలు: బొంగులో చికెన్ కలదు. మేకు దిగినచోట బెరడు చిట్లి జిగురు కారి నల్లబడింది. ఆ చెట్టుకు వెనక, రెండు ఇనుప స్తంభాల మీద, లారీ అంత ఫ్లెక్సీ. ఈత కొలను, టెంట్లు, చలిమంట, ఏసీ గదులు, రెండు ఫోన్ నంబర్లు, ఒక బాణం గుర్తు. రేకు ముక్క ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు. పదడుగుల అవతల నిప్పుల మీద వెదురు బొంగులు తిప్పుతూ ఆ మనిషి కనిపిస్తూనే ఉంటాడు. ఫ్లెక్సీ ఎవరిదో మాత్రం ఆ ఫ్లెక్సీ చెప్పదు. ఏ ఊరి పొలిమేరలో ఉందో, ఎవరి చేనులో పాతారో, ఎవరు సరేనన్నారో కూడా చెప్పదు. శృంగవరపుకోట దాటి కొండెక్కిన దగ్గర్నుంచి అరకు దాకా, అటుపైన పాడేరు దారిలో, ఇలాంటి మలుపులు చాలా ఉన్నాయి. అరకులో వ్యాపార బోర్డులకు నియమాలు కావాలా అన్న చర్చ సాధారణంగా అందం దగ్గర మొదలవుతుంది. కొండ కనబడటం లేదని, లోయ పాడవుతోందని అంటారు. ఆ బాధ నిజమైనదే. కానీ అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ స్తంభాలు నిలబడిన నేల ఎవరిది? అరకులో బోర్డుల నియమం ఈ ప్రశ్న నుంచి పుట్టాలి. దాన్ని రాయాల్సింది కూడా గ్రామసభే.

నగరాల్లో బోర్డుల నియమాలంటే కొలతల లెక్క. రోడ్డుకు ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు, మేడ ఎంత బరువు మోస్తుంది. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం పట్టణాల్లో నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటిన ప్రకటన బోర్డులు ఉండకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ముంబయి ఘాట్‌కోపర్‌లో 2024 మే 13న గాలివానకు కూలి 17 మందిని పొట్టన పెట్టుకున్న హోర్డింగ్ కొలత 120 అడుగులకు 120. అక్కడి నగరపాలక సంస్థ అనుమతించేది 40కి 40 మాత్రమే. అంటే నియమం ఉండి కూడా అది నిలబడింది. అయినా అక్కడ కనీసం నియమం ఉంది, దాన్ని అమలు చేయలేదని నిలదీయడానికి ఒక కార్యాలయం ఉంది. అరకులో ఆ రెండూ తేలిగ్గా దొరకవు. అది మున్సిపాలిటీ కాదు, గ్రామ పంచాయతీ. పైగా రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. పట్టణ స్థానిక సంస్థల గురించి చెప్పే రాజ్యాంగంలోని 9-ఎ భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించదని 243 జడ్‌సీ అధికరణం చెబుతోంది. వర్తింపజేయాలంటే పార్లమెంటు విడిగా చట్టం చేయాలి. ఆ బిల్లు 2001లో వచ్చింది గానీ చట్టం కాలేదు. కాబట్టి హోటళ్లతో, దుకాణాలతో, వాహనాలతో ఊరు పట్నంలా పెరుగుతున్నా, ఏ వీధిలో ఏ బోర్డు ఎంత ఉండాలో గీతలు గీసి చెప్పే మున్సిపల్ యంత్రాంగం అక్కడ లేదు. చట్టాలు అసలు లేవని కాదు. బహిరంగ స్థలాలను పోస్టర్లతో, రాతలతో పాడుచేయకూడదని 1997లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం చట్టం చేసింది. జాతీయ రహదారి హద్దులో అనుమతి లేకుండా ఏది పాతినా పీకేసే అధికారం 2002 నాటి కేంద్ర చట్టంలో ఉంది. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారికి అది పనికొస్తుంది. కానీ ఆ అధికారం రహదారి హద్దురాయి దగ్గర ఆగిపోతుంది. రాయికి అవతల ఒక్క అడుగు వేస్తే గిరిజన రైతు చేను. పెద్ద బోర్డులు నిలబడేది సరిగ్గా అక్కడే.

ఆ చేనుకు కాపలాగా ఒక చట్టం ఉంది. మన్యంలో దాన్ని పూర్తి పేరుతో ఎవరూ పిలవరు, 1/70 అంటారు. 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలకు చేసిన సవరణ అది. 1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చింది. ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనుడు ఇచ్చినా, గిరిజనేతరుడు ఇచ్చినా, పుచ్చుకునేది గిరిజనుడో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో అయితేనే ఆ బదలాయింపు చెల్లుతుంది. గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే, కాదని రుజువయ్యేదాకా, అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. 1997లో సమత కేసు తీర్పులో ఇంకో మెట్టు పైకి వెళ్లింది. ఆ కేసు పుట్టింది ఈ కొండల్లోనే, అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల ఇచ్చిన గనుల లీజుల మీద. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు లీజుకిచ్చే అధికారం ప్రభుత్వానికి కూడా లేదని ఆ తీర్పు తేల్చింది. దీనికీ బోర్డులకూ సంబంధం ఏమిటి అంటే, చట్టం ‘బదలాయింపు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదవాలి. అమ్మకం, దానం, మార్పిడి, తాకట్టు, లీజు అని చెప్పి అక్కడితో ఆగలేదు. వీలునామా మినహా స్థిరాస్తి మీద చేసే మరే లావాదేవీ అయినా అందులోకి వస్తుందని, ఆ ఆస్తికి సంబంధించిన ఒప్పందం కూడా వస్తుందని రాసింది. చేను గట్టున రెండు ఇనుప స్తంభాలు పాతుకోవడానికి ఏడాదికి ఇంతని మైదానం నుంచి వచ్చిన వ్యాపారి ఇచ్చే సొమ్ము ఆ నిర్వచనంలో పడుతుందనే నేను అనుకుంటున్నాను. గోడ అద్దెకిచ్చినా అంతే, మిద్దె అద్దెకిచ్చినా అంతే.

న్యాయం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక అడ్డు చెబుతారు. లీజు వేరు, లైసెన్సు వేరు అంటారు. లీజులో నేల మీద హక్కు చేతులు మారుతుంది. లైసెన్సులో ఫలానా పని చేసుకోవడానికి అనుమతి ఒక్కటే దొరుకుతుంది, నేల యజమాని స్వాధీనంలోనే ఉంటుంది. బోర్డు పాతుకోవడం రెండో రకం కాబట్టి 1/70 దాన్ని అంటదని వాళ్ల మాట. మైదాన ప్రాంతంలో ఈ వాదన గట్టిదే. ఏజెన్సీలో మాత్రం చట్టం రాసినవాళ్లు కావాలనే లీజు దగ్గర ఆగకుండా ‘మరే లావాదేవీ అయినా’ దాకా వెళ్లారు. వాళ్లు అంత దూరం ఎందుకు వెళ్లారో మన్యం చరిత్ర తెలిసినవాళ్లకు వివరించనక్కర్లేదు. గిరిజనుల భూమి ఇక్కడ పెద్ద పెద్ద దస్తావేజులతో పోయింది తక్కువ. సంతలో పెట్టిన అప్పుతో, పంట మీద తీసుకున్న బయానాతో, ఒక సీజనుకని ఇచ్చిన మాటతో పోయిందే ఎక్కువ. ముందు చిన్న అనుమతి, తర్వాత అలవాటు, ఆ తర్వాత స్వాధీనం. బోర్డు ఆ వరుసలో మొదటి మెట్టు కాగలదు. ఈ నేల మీద నాకు ఒక పని ఉంది అని పదిమందికీ తెలిసేలా అది పాతుకుంటుంది. ఏళ్లు గడిచాక అదే గుర్తుగా, అదే సాక్ష్యంగా నిలబడుతుంది. గిరిజనుల పేరు ముందు పెట్టి వెనక వేరేవాళ్లు నడిపే బినామీ వసతి గృహాల గురించి ఆదివాసీ సంఘాలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. పర్యాటక పెట్టుబడుల కోసం 1/70ని సవరించాలన్న మాట శాసనసభ స్పీకర్ నోట వచ్చినప్పుడు, 2025 ఫిబ్రవరిలో మన్యం 48 గంటల బంద్ పాటించింది. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. రెండు రోజులు దుకాణాలు మూసుకుని, సంపాదన వదులుకుని మరీ ఆ చట్టాన్ని కాపాడుకోవాలనుకున్నవాళ్ల ఊళ్లలో, చట్టానికి ఎదురు నిలిచే ఒప్పందాలు నిలువెత్తు అక్షరాలతో రోడ్డు పక్కన కనిపిస్తూ ఉంటే, వాటిని రోడ్డు సౌందర్యం సమస్యగా మాత్రమే చూడటం నాకు సాధ్యం కావడం లేదు.

బోర్డు అంటే కేవలం పిలుపు కాదు, వాంగ్మూలం కూడా. ఈ ఆలోచన కొత్తది కాదు, ప్రభుత్వమే చాలాచోట్ల అమలు చేస్తోంది. జీఎస్టీ కింద నమోదైన ప్రతి వ్యాపారీ తన నమోదు సంఖ్యను దుకాణం ప్రవేశద్వారం దగ్గరున్న పేరు బోర్డు మీద రాయాలని 2017 నాటి నియమాల్లో 18వ నియమం చెబుతోంది. ఇళ్ల స్థలాల ప్రకటనల్లో స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా వెబ్‌సైటు పేరు కనిపించి తీరాలని 2016 నాటి చట్టం అంటుంది. తినుబండారాలు అమ్మేవాళ్లు ఆహార భద్రతా లైసెన్సు కనబడేలా పెట్టాలి. అంటే పన్ను ఎవరు కడుతున్నారో, స్థలానికి అనుమతి ఉందో లేదో, వంట ఎవరి పూచీ మీద నడుస్తోందో దారిన పోయేవాడికి తెలియాలని చట్టం కోరుకుంటోంది. ఏజెన్సీలో వీటన్నిటికన్నా బరువైన విషయం నేల. దాని ఊసు మాత్రం బోర్డు మీద అక్కర్లేదా? నేను కోరేది చిన్నది. అనుమతి తీసుకోవాల్సిన ప్రతి వ్యాపార బోర్డు కింది మూలలో మూడు వివరాలు ఉండాలి: అది నిలబడిన ఊరి పేరు, గ్రామసభ అనుమతి సంఖ్య, ఆ అనుమతి గడువు. పట్టాదారు పేరును నేను కావాలనే బోర్డు మీద అడగడం లేదు. పేదవాడి పేరు రోడ్డు మీద వేలాడితే అతని మీదికే ఒత్తిడి వస్తుంది. ఆ పేరు, ఒప్పందం వివరం, వ్యాపారం నడిపే మనిషి పేరు, వీటన్నిటికీ పంచాయతీ కార్యాలయంలో ఒక రిజిస్టరు ఉండాలి. ఆ ఊరివాళ్లెవరైనా వెళ్లి, ఆ సంఖ్య చూపించి, పేజీ తీయించి చదువుకోగలగాలి. 1959కి ముందునుంచో, 1970కి ముందునుంచో సక్రమంగా స్థిరపడిన గిరిజనేతర కుటుంబాలు కొన్ని ఉన్నాయి. తమను వేధించడానికే ఇదంతా అని వాళ్లు భయపడవచ్చు. రిజిస్టరులో వాళ్ల కాగితం కూడా అంతే గౌరవంగా ఎక్కుతుంది. సక్రమమైనదాన్ని, కానిదాన్నీ ఒకే గాట కట్టే ఊరి గుసగుసల కన్నా రాసిపెట్టిన పేజీయే వాళ్లకు రక్ష.

ఇక అన్నిటికన్నా ముందు వినబడే అభ్యంతరం: నియమం పెడితే ముందు దెబ్బ తినేది ఆ రేకు ముక్క మనిషే కదా? మైదానంలో బోర్డుల నియమాలు అమలైన తీరు చూస్తే ఈ భయం ఊరికే పుట్టలేదు. తోపుడుబండి మీద బోర్డు పీకడానికి పట్టే ధైర్యం, బహుళ అంతస్తుల మేడ మీద బోర్డు పీకడానికి చాలాసార్లు సరిపోదు. అందుకే నియమంలోనే తేడా రాయాలి. తాను అమ్మేచోటే, తన కొట్టుకే తగిలించుకునే చిన్న బోర్డుకు అనుమతీ వద్దు, రుసుమూ వద్దు. అక్కడ లేని వ్యాపారాన్ని అక్కడ ప్రకటించే బోర్డుకు, అంటే రెండు కిలోమీటర్ల అవతలి రిసార్టును ఈ మలుపులో చూపించే ఫ్లెక్సీకి, పూర్తి నియమం. ప్రపంచంలో బోర్డులను అదుపు చేసిన చోట్ల పనిచేసింది ఈ తేడానే. అమెరికాలో వెర్మాంట్ అనే కొండ రాష్ట్రం 1968లో వ్యాపారం ఉన్న స్థలానికి బయట పాతే హోర్డింగ్‌లను నిషేధించి, వాటి బదులు ఒకే కొలత, ఒకే రంగు ఉన్న దారి చూపే చిన్న పలకలు పెట్టింది. చిన్న విడిదైనా పెద్ద హోటలైనా అదే పలక. అర్ధ శతాబ్దం దాటినా అక్కడికి యాత్రికులు వెళ్లడం మానలేదు, కొండలే దాని ఆదాయం. బ్రెజిల్ మహానగరం సావో పావులో 2007 నుంచి బయటి ప్రకటనలు పూర్తిగా తీసేసి, దుకాణం ముందు బోర్డుకు ముఖభాగం వెడల్పును బట్టి కొలత కట్టింది. పది మీటర్ల లోపు ముఖభాగం ఉంటే చదరపు మీటరున్నర మాత్రమే. ఇందులో చిన్నవాళ్లకు కలిసొచ్చేది ఏమిటో చూడాలి. బోర్డుల పోటీకి హద్దు లేనప్పుడు గెలిచేది రుచి కాదు, వైశాల్యం. పక్కవాడు ఇరవై అడుగులు పెడితే రేకు ముక్క మీది బొంగు చికెన్ మాయమవుతుంది. అందరికీ ఒకే కొలత అయినప్పుడు ఆ రేకు ముక్క మళ్లీ కనిపిస్తుంది. ఒక కూడలిలో, ఒకే చట్రంలో, ఆ ఊళ్లోని వసతులు, కొట్లు, హోమ్‌స్టేలు అన్నిటి పేర్లూ ఒకే సైజులో వరసగా ఉండే ఊరి బోర్డు పెడితే, ఫ్లెక్సీ వేయించే స్తోమత లేని గిరిజన కుటుంబం నడిపే రెండు గదుల ఇల్లు కూడా అందులో సమానంగా నిలబడుతుంది.

దీనికన్నా కష్టమైన అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని దాటేసి వెళ్లకూడదు. చేను గట్టున బోర్డు పెట్టనిచ్చిన గిరిజన రైతుకు ఏడాదికి కొంత సొమ్ము వస్తోంది. ఆ సొమ్ముతో ఎరువు కొంటాడో, పిల్ల ఫీజు కడతాడో. చట్టం పేరు చెప్పి అది ఆపితే అతనికి మేలెలా అవుతుంది? నిజమే, కొందరికి నష్టం జరుగుతుంది. జరగదని చెప్పడం అబద్ధం. కానీ ఆ ఆదాయం ఎలాంటిదో కూడా చూడాలి. ఒప్పందం చట్టం ముందు చెల్లదు కాబట్టి, అద్దె ఎగ్గొడితే అడగడానికి అతనికి కోర్టు లేదు. రేటు తేల్చేది ఎదుటివాడే. అదే బోర్డును విశాఖలో ఎంతకు అమ్ముతున్నారో ఇతనికి తెలిసే దారి లేదు. స్తంభాలు కూలి చేను పాడైతే పూచీ ఎవరిదో రాసి లేదు. అంటే అతను అమ్ముతున్నది విలువైనదే, అమ్మే బలం మాత్రం అతని చేతిలో లేదు. ఊరి బోర్డు ఊరిదైతే ఈ లెక్క తిరగబడుతుంది. దాని మీద చోటుకు రుసుము గ్రామసభ నిర్ణయిస్తుంది. స్తంభం పాతిన చేను గిరిజనుడిదైతే, ఊరు అతనికి ఇచ్చే పరిహారం గిరిజనేతరుడితో చేసుకున్న ఒప్పందం కాదు. ఇక్కడ పన్ను సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2016లో 101వ రాజ్యాంగ సవరణ జీఎస్టీ కోసం రాష్ట్రాల జాబితాలోని 55వ పద్దును, అంటే ప్రకటనల మీద పన్ను వేసే అధికారాన్ని, తీసేసింది. కాబట్టి పంచాయతీ ఇప్పుడు వసూలు చేయగలిగేది పన్ను కాదు, ఇచ్చిన చోటుకు, చేసిన సేవకు తగిన రుసుము. ప్రైవేటు ఫ్లెక్సీల మీద పన్ను పెంచి ఆదాయం తెచ్చుకుందామనే దారి మూసుకుపోయింది. ఊరి సొంత బోర్డు మీద చోటు అద్దెకివ్వడం అన్న దారి తెరిచే ఉంది.

కొండ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అరకు బతుకుతున్నది దాని మీదే. గాలికొండ దగ్గర బండి ఆపినవాళ్లు ఆగేది లోయ కోసం. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు దారిలో 58 సొరంగాలు దాటుతూ అద్దాల పెట్టెలో కూర్చున్నవాళ్లు టికెట్ కొన్నది కిటికీ కోసం. నవంబరులో వలిసె పూలు పసుప్పచ్చగా పరుచుకున్నప్పుడు చేను గట్టున నిలబడి ఫోటో తీసుకోవడానికే జనం ఇంతదూరం వస్తారు. ఆ చూపుకు అడ్డంగా బోర్డు పాతడమంటే, అమ్ముతున్న సరుకునే కప్పేయడం. హిమాచల్‌లో మనాలి నుంచి రోహ్‌తంగ్ వెళ్లే దారిలో కొండరాళ్ల మీద శీతల పానీయాల ప్రకటనలు రంగులతో పూసేసిన సంగతి పత్రికలో చదివి, 2002లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. రాయి మీది రంగును గీకితే రాయి మీద పేరుకున్న నాచు, జీవం అంతా పోతుంది, అలాగే వదిలేస్తే ప్రకటన మిగులుతుంది. చెట్టుకు కొట్టిన మేకు కూడా అలాంటిదే. దాన్ని పీకినా గాయం ఉంటుంది. ఇంక రోడ్డు భద్రత. కూడళ్ల దగ్గర, మలుపుల దగ్గర డ్రైవర్ చూపును లాగే ప్రకటనలు ఉండకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లోనే మార్గదర్శకాలు రాసింది. ఘాట్ రోడ్డు అంటే మలుపుల దండ. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. అది బోర్డుల వల్ల జరిగిందని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ చలికాలపు పొగమంచులో, తెలియని దారిలో, మలుపు తిరుగుతున్న డ్రైవర్ కళ్లకు కనబడాల్సింది వంపు గుర్తు. దాని పక్కనే మెరిసే ఎల్‌ఈడీ అక్షరాలు అక్కర్లేదు. గాలి సంగతి విశాఖవాళ్లకు చెప్పనవసరం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో హోర్డింగ్‌లను మడిచి పారేసింది, కొండల మీద కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్‌లను వేళ్లతో సహా పెకలించింది. వేళ్లున్న చెట్టే నిలవని చోట రెండు అడుగుల గుంటలో పాతిన ఇనుప స్తంభం ఎంత? ఫ్లెక్సీ గుడ్డ మాటకొస్తే, 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం విశాఖలోనే ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించింది. నవంబరు నుంచి అన్నారు, తర్వాత 2023 జనవరికి వాయిదా వేశారు. ఇవాళ ఘాట్ ఎక్కేవాళ్లకు ఆ నిషేధం ఎంత అమలైందో కళ్లకే తెలుస్తుంది. రాష్ట్రమంతటికీ ఒక్కసారిగా చేసిన ప్రకటన కన్నా, తన పొలిమేరలో తాను చూసుకునే గ్రామసభ తీర్మానం మీద నాకు ఎక్కువ నమ్మకం ఉండటానికి ఇదొక కారణం.

భాష విషయంలో నా అభిప్రాయం కొందరు తెలుగు అభిమానులకు నచ్చకపోవచ్చు. దుకాణం బోర్డు తెలుగులో ఉండాలని, వేరే భాషలుంటే అవి తెలుగుకు కింద ఉండాలని రాష్ట్రంలో దుకాణాలు, సంస్థల నియమాలు చెబుతాయి. మైదానంలో ఈ నియమాన్ని నేను మనసారా సమర్థిస్తాను, ఇంకా గట్టిగా అమలు చేయాలనీ కోరతాను. కానీ అరకు లోయలో తెలుగు కూడా చాలామందికి రెండో భాషే. ఇళ్లలో ఆదివాసీ ఒడియా, కువి, గదబ, పోర్జా, కొండ భాషలు మాట్లాడుకుంటారు. ఇంగ్లీషు మన ఊళ్లలో తెలుగును బోర్డు అంచుకు నెట్టేసిందని బాధపడే మనం, మన్యంలో అదే పని తెలుగుతో జరుగుతుంటే చూడలేకపోవడం న్యాయం కాదు. 2004 నుంచి రాష్ట్రంలో గిరిజన పిల్లల కోసం కువి, ఆదివాసీ ఒడియా, కొండ లాంటి భాషల్లో, తెలుగు లిపిలోనే, పాఠ్యపుస్తకాలు తయారు చేశారు. అంటే లిపి సమస్య అప్పుడే తీరింది. ఊరి పేరును ఊరివాళ్లు పలికే తీరులో తెలుగు లిపిలో బోర్డు మీద మొదటి వరసలో రాయడానికి ఏ అడ్డంకీ లేదు. మైదానం నుంచి వచ్చినవాళ్లు పెట్టే కొత్త పేర్ల వల్ల కొండకు పాత పేరు పోతోంది. మాడగడ అన్న పేరు మీద ఒక ఊరు ఉంది, ఆ ఊళ్లో మనుషులున్నారు. ‘సన్‌రైజ్ వ్యూ పాయింట్’ అన్నప్పుడు అక్కడ సూర్యుడు ఒక్కడే ఉంటాడు. రాష్ట్ర చట్టాన్ని షెడ్యూల్డు ప్రాంతానికి మార్పులతో వర్తింపజేసే అధికారం ఐదో షెడ్యూలు ఐదో పేరాలో గవర్నరుకు ఉంది. బోర్డు భాషను ఇక్కడి భాషలకు తగినట్టు సర్దడం ఆ అధికారానికి చిన్న పని. పేరు విలువ ఎంతో అరకుకు ఒకరు చెప్పాల్సిన పని కూడా లేదు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ‘అరకు’ అన్న మాట ఆ కొండల్లో పండించేవాళ్లదని దేశం చట్టప్రకారం ఒప్పుకుంది. కాఫీ పొట్లం మీద ఆ మాటకు ఉన్న రక్షణ, కాఫీ పండిన కొండ మలుపులో పాతిన బోర్డు మీద కూడా ఉండాలి.

ఇదంతా గ్రామసభ వల్ల అయ్యే పనేనా? ఊళ్లలో పది మంది కూడా రాని సభలు, ముందే రాసిన తీర్మానం మీద వేలిముద్రలు, సర్పంచ్‌ను కొనేసుకునే వ్యాపారులు, వీటి గురించి తెలిసినవాళ్లు ఈ ప్రశ్న అడుగుతారు. అడగాలి కూడా. అయితే ఈ అధికారం నేను కొత్తగా కనిపెట్టి ఇస్తున్నది కాదు. 1996 డిసెంబరులో షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం పార్లమెంటు చేసిన పెసా చట్టం ఊరి సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని గుర్తించింది. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారాన్ని, ఊరి సంతలను నడిపే అధికారాన్ని గ్రామసభకో పంచాయతీకో ఇవ్వమంది. రాష్ట్రం 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని దానికి తగినట్టు మార్చుకుంది, 2011లో నియమాలు రాసింది. బోర్డు అంటే ఈ మూడూ కలిసేచోటు: అది నేల మీద నిలబడుతుంది, ఊరి ముఖాన్ని మారుస్తుంది, ఊరి వ్యాపారాన్ని నడిపిస్తుంది. ఇక మనుషుల మాట. 2019 అక్టోబరు 2 నుంచి రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు వచ్చాయి. సర్వేయరు, ఇంజినీరింగ్ సహాయకుడు, డిజిటల్ సహాయకుడు అనే కొలువులు ఊరి స్థాయిలో ఉన్నాయి. బోర్డు కొలవడానికి టేపు, హద్దు తేల్చడానికి సర్వే నంబరు, రిజిస్టరు రాయడానికి ఒక మనిషి చాలు. రోడ్లు వేయడం కన్నా, నీళ్లు ఇవ్వడం కన్నా ఇది చాలా చిన్న పాలన. చిన్నది కాబట్టే గ్రామసభ తన అధికారాన్ని వాడటం నేర్చుకోవడానికి ఇది మంచి మొదలు. వ్యాపారి సర్పంచ్‌ను కొనగలడేమో గానీ, బోర్డు మీద సంఖ్య ఉండి, ఆ సంఖ్యకు పేజీ ఉండి, ఆ పేజీని ఊళ్లో ఎవరైనా తెరవగలిగితే, కొన్న సంగతి కూడా అందులోనే కనబడుతుంది. పెద్ద ప్రాజెక్టుల్లో గ్రామసభ మాటను పక్కన పెట్టిన అధికారులు, బోర్డు లాంటి విషయంలోనైనా ఆ మాటకు విలువిస్తారా అన్నది పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తేల్చాల్సిన ప్రశ్న. తీర్మానాల నమూనా రాసివ్వడం, రిజిస్టరు పుస్తకాలు అచ్చేయించడం, ఆ నమూనాను కువిలో, ఆదివాసీ ఒడియాలో చదివి వినిపించే మనిషిని పంపడం, ఇంతవరకు దాని పని. కొలతలు ఎంతో, చోటు ఎక్కడో ఊరే చెప్పాలి. మాడగడకు సరిపోయేది సుంకరమెట్టకు సరిపోవాలని లేదు.

ఏటా అక్టోబరు 2న గ్రామసభలు కూర్చుంటాయి. అప్పటికి వలిసె మొక్కలు ఎదుగుతుంటాయి, పూలు రావడానికి ఇంకా వారాలు పడుతుంది. సీజను బోర్డులు వేయించడానికి వ్యాపారులు పట్నంలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులకు వెళ్లేది కూడా ఆ రోజుల్లోనే. ఆ సభలో ఒక్క తీర్మానం చాలు: ఈ ఊరి పొలిమేరలో చెట్టుకు మేకు కొట్టకూడదు, మలుపులో, వ్యూ పాయింటు ముందు, చేను గట్టున బయటి వ్యాపారం బోర్డు పాతకూడదు, ఊరి బోర్డు కూడలిలో ఫలానా చోట ఉంటుంది, పేరు రాయించుకోవాలనుకున్నవాళ్లు పట్టా కాగితంతో పంచాయతీ కార్యాలయానికి రావాలి.